మూయని లాగిన్

అన్నా,

నువ్వు చనిపోయి నేటికి ఏడాది. సిద్దిపేటలో మనిద్దరం పెట్టిన సైబర్ సెక్యూరిటీ కంపెనీకి ఇన్నాళ్లకు ఒక పెద్ద కస్టమర్ ఖాయమయ్యేలా కనిపించాడు. కోహెడ వైపు పత్తిమిల్లు యజమాని. సంతకానికి ముందు మన సిస్టమ్‌నే తనిఖీ చేయించాడు. నీ లాగిన్ ఇంకా తెరిచే ఉందని ఇవాళ బయటపడింది.

"మీ తలుపే తీసి పెట్టుకున్నరు, మా మిల్లుకేం తాళమేస్తరమ్మా?" అని లేచి వెళ్లిపోయాడు.

"ఎవలు మానేసినా ఆ పొద్దే లాగిన్ బంద్ జెయ్యాలె, చెల్లె" అని నియమం పెట్టింది నువ్వే.

సాయంత్రం మూసేద్దామని కూర్చున్నాను. నువ్వు తయారుచేసిన ఫారం కారణం అడిగింది. అందులో రెండే ఉన్నాయి: రాజీనామా, తొలగింపు. మూడోది చేర్చడం నాకు నిమిషం పని.

చేర్చలేదన్నా.