ఎవరండీ మీరు?

అక్కా, ఇక్కడ నేనూ నీ కొడుకూ బాగున్నాం, కంగారుపడకు.

వాడికి పద్దెనిమిదేళ్లొచ్చినా గొంతు మారలేదని బెంగపడ్డావు కదా. తలసీమియాకి నెలనెలా ఎక్కించే రక్తంలోని ఇనుము గ్రంథుల్లో పేరుకుని హార్మోన్లు ఊరనివ్వలేదట. డాక్టరమ్మ కొంతకాలంగా హార్మోను సూదులు వేస్తోంది. నిన్న స్నానాల గదిలోంచి "మావయ్యా, తువ్వాలు" అని ఎవరిదో మగగొంతు వినిపించింది. చీపురు పట్టుకుని, "ఎవడ్రా దొంగ?" అన్నాను. "దొంగ తువ్వాలడుగుతాడా?" అన్నాడు మనవాడు.

రక్తం పడుతుందని నువ్వు పంపిన ఐరన్ టానిక్ చూసి డాక్టరమ్మ నన్ను కడిగిపారేసింది. ఉన్న ఇనుమే తీయలేక చస్తున్నారు, ఇక పంపకు. పొడుగు ప్యాంట్లు పంపు. బావకు మోకాలి నొప్పి తగ్గిందా, ఇంకా సాకుగా వాడుకుంటున్నాడా? చిన్నదానికి నా మొట్టికాయ.

ఇన్నాళ్లూ ఫోనులో అందరూ వీణ్ని "ఎవరమ్మా?" అనేవారు. ఆదివారం వీడే చేస్తాడు. గుర్తుపట్టినా సరే, "ఎవరండీ మీరు?" అని అడుగు.

నీ తమ్ముడు