మీరు చెప్పని నిలువుటద్దం

అత్తయ్యా, నమస్కారం. మీరు పోయి పది నెలలయింది.

ఈ పది నెలల్లో మీకు ఉత్తరం రాయాలని నాకు ఒక్కసారీ అనిపించలేదు. అబద్ధం ఎందుకు... మీరు పోయిన రోజు నేను ఏడవలేదని మీ చెల్లెలు నలుగురిలో అన్న మాట నిజమే. వచ్చేపోయేవాళ్ళకి కాఫీలు, అన్ని రోజుల వంటలు, ఏడవడానికి తీరికెక్కడిది? తీరిక దొరికాక ఏడుపు రాలేదు.

ఇప్పుడు రాస్తున్నది కూడా ప్రేమతో కాదు. మొన్న ఆదివారం మీ బంగళా చూసొచ్చాను, అందుకు.

మీ బంగళా అంటే ఇంకేముంది, మన ఊళ్ళో సబ్ కలెక్టర్లు ఉండిన ఆ పాత బంగళాయే. కొత్త క్వార్టర్సు కట్టాక తాళం వేసి వదిలేశారు కదా. ఇప్పుడు బాగుచేసి, గోడలకి సున్నాలు వేసి, ఆదివారాలు జనాన్ని లోపలికి రానిస్తున్నారు. టిక్కెట్టు కొంటే గైడు దగ్గరుండి గదులన్నీ తిప్పి చూపిస్తుంది. పేపర్లో ఈ వార్త చూసినప్పటినుంచి మీ అబ్బాయికి కాలు నిలవలేదు. అమ్మ పెరిగిన చోటట, చూసి తీరాలట.

మరి నేనెందుకు వెళ్ళానో తెలుసా? మిమ్మల్ని అబద్ధంలో పట్టుకుందామని.

ముప్ఫై నాలుగేళ్ళు విన్నాను ఆ బంగళా గురించి. మీ నాన్నగారు అక్కడ వంట చేసేవారు, మీరు పెళ్ళయ్యేదాకా అక్కడే పెరిగారు. అంతవరకూ బాగానే ఉంది. "దొరసానమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తినిపించేది. ఎనిమిది కుర్చీల బల్ల. అద్దాల బీరువాలో నీలం పువ్వుల పళ్ళేలు. గోడ మీద దుప్పి తల. నువ్వు కల్లో కూడా చూసుండవు!" తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక వచ్చిన మన ఆఫీసర్లే అయినా మీకు వాళ్ళు దొరలు, వాళ్ళ భార్యలు దొరసానులు.

పప్పులో ఉప్పు తగ్గినా బంగళాయే, గ్లాసు కింద తడి ఉన్నా బంగళాయే. "బంగళాలో కంచం చప్పుడైతే ఊరుకునేవాళ్ళు కాదమ్మాయ్." "ఆ తినడమేంటి, చేలో గట్టు మీద కూర్చున్నట్టు?" మన వీధిలో మొదటి డైనింగు టేబులు కొనిపించింది మీరే. దాని దగ్గర మీరూ మీ అబ్బాయీ కూర్చునేవారు. నేను వంటింటికీ దానికీ మధ్య తిరిగేదాన్ని. ఆ కుర్చీలో కూర్చుని నేను అన్నం తిన్నది మీరు పోయాకే, అత్తయ్యా.

అవన్నీ పోనీయండి... మా నాన్న సంగతి ఒక్కటే పోదు.

మీకు గుర్తుందో లేదో. నా పెళ్ళయిన రెండో ఏడు, ఎండలు మొదలైన రోజుల్లో, సత్తెనపల్లి నుంచి బస్సులో వచ్చాడు. పచ్చళ్ళకని సొంత చేలో కాసిన కొత్త మిరపకాయలు బస్తాడు తెచ్చాడు. పంచె నిండా ఎర్రటి దుమ్ము. కాళ్ళూ చేతులూ కడుక్కుని, నేను రమ్మంటే వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, మజ్జిగన్నం జుర్రుకుంటూ తింటున్నాడు. మీరు ముందుగదిలోంచే గట్టిగా అన్నారు, "బంగళాలో అయితే ఇట్టాంటోళ్ళకి వెనక అరుగు మీద పెట్టేవాళ్ళు" అని.

మా నాన్న కంచం పట్టుకుని లేచి మన పెరటి అరుగు మీదకి వెళ్ళాడు. ఒక్క మెతుకు పారేయకుండా తిన్నాడు. కంచం తనే కడిగి బోర్లించాడు.

ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు బతికాడు. ఎన్నిసార్లు వచ్చినా గేటు దగ్గరే నిలబడి, మంచినీళ్ళు తాగి, నన్ను కళ్ళారా చూసుకుని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ మన ఇంట్లో అన్నం ముట్టలేదు.

అప్పుడు నేనేం చేశాను? నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆవిడ గొప్పవాళ్ళ మధ్య పెరిగింది, అరుగు మీద తినమంటే మనిషికి ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు, తెలియక అంది అనుకున్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే మీకు అన్నేళ్ళు వండిపెట్టాను. చివరి రెండేళ్ళూ మీరు మంచంలో ఉంటే నోటికి అందించాను.

సరే, బంగళా సంగతికి వస్తాను.

గైడు చిన్నపిల్ల, చేతిలో మైకు. చెప్పులు బయట విడిపించి, ఓ ఇరవైమందిని వెంటేసుకుని బయల్దేరింది. ఆఫీసు గది చూపించింది, అర్జీలు పట్టుకుని జనం నిలబడే వరండా చూపించింది. తర్వాత భోజనాల గది. ముందు తలుపులోంచి అడుగుపెట్టామో లేదో, ఎదురుగోడకి సగం గోడంత నిలువుటద్దం! బట్టల షాపుల్లో కూడా అంతది చూడలేదు నేను. లోపలికి వచ్చిన మనిషికి మొట్టమొదట కనపడేది తనే. చెదిరిన జుట్టుతో నేను, నా వెనక మీ అబ్బాయి, ఆ వెనక చీరాల నుంచి వచ్చిన టీచరమ్మలు... అందరం అందులో ఉన్నాం. బంగళా కట్టినప్పటి అద్దమట. ఆ గదిలో ఏ వస్తువూ ఇప్పటిదాకా కదిలించలేదట.

ముప్ఫై నాలుగేళ్ళలో మీరు ఆ అద్దం మాట ఒక్కసారి ఎత్తారా? ఆ గదిలో రోజూ కూర్చుని తిన్న పదేళ్ళ ఆడపిల్ల దుప్పి తలని గుర్తుపెట్టుకుని అద్దాన్ని మర్చిపోతుందా? పైగా కుర్చీలు ఎనిమిది కాదు, పన్నెండు. దొరికారు అనుకున్నాను. నిజం చెబుతున్నా, నాకు పండగలా ఉంది.

మీ అబ్బాయి అప్పటికే మొదలుపెట్టాడు. మా అమ్మ చిన్నప్పుడు ఈ బల్ల దగ్గరే తినేది, దొరసానమ్మ తినిపించేది అని అందరికీ చెబుతున్నాడు. టీచరమ్మలు ఆయన్ని గౌరవంగా చూశారు. గైడు పిల్ల మాత్రం నవ్వేసి ముందుకి నడిచింది. ఆయన్ని అక్కడ ఫోటోలు తీసుకోనిచ్చి మిగతావాళ్ళం ఆ పిల్ల వెనకే వెళ్ళాం.

ఆ గది వెనక సామాన్ల గది. రెండింటికీ మధ్య గోడలో, ఓ మూలగా, చిన్న కిటికీ. వంటింట్లోంచి గిన్నెలు తెచ్చి ఇటునుంచి పెడితే, అటునుంచి తలపాగా బంట్రోతు అందుకుని వడ్డించేవాడట. వంటవాళ్ళుగానీ వాళ్ళ ఇంటివాళ్ళుగానీ ఈ గది దాటి లోపలికి రాకూడదట. దొరలు తిని లేచాక మిగిలినవి ఈ కిటికీలోంచే వెనక్కి వచ్చేవట. అవి వీళ్ళు వెనక అరుగు మీద కూర్చుని తినేవాళ్ళట. అదిగో ఆ అరుగే అని వేలెత్తి చూపించింది.

నేను అరుగు వైపు చూడలేదు. కిటికీ దగ్గరకి వెళ్ళాను. నాకు గుండెలెత్తున ఉంది, పదేళ్ళ పిల్లకి కళ్ళెత్తున ఉంటుంది. వంగి చూశాను.

దుప్పి తల. అద్దాల బీరువా. నీలం పువ్వుల పళ్ళేలు. కుర్చీలు లెక్కపెట్టాను, ఎనిమిది. మిగతా నాలుగూ స్తంభం చాటున ఉన్నాయి. అద్దం కనపడదు. ఎలా కనపడుతుంది? కిటికీ ఉన్న గోడకే, అవతలివైపు ఉంది.

మీరు చూసిందంతా చూసినట్టే చెప్పారు అత్తయ్యా. లోపల కూర్చున్నానన్న మాట ఒక్కటే...

ఎన్నేళ్ళు నిలబడ్డారు అక్కడ? కాళ్ళు లాగేవా? లోపలినుంచి ఎవరైనా చూసి అదిలించారా? ఆ పళ్ళేల్లో మిగిలింది తినేటప్పుడు ఏమనుకునేవారు? నాకు జాలేసింది. మీ మీద జాలిపడ్డందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఎందుకంటే మీకు తెలుసు! అరుగు మీద తినమంటే ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో ఇంకెవరికి తెలియకపోయినా మీకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నారు. మా నాన్న కంచం పట్టుకుని లేస్తుంటే మీకు మీ నాన్న గుర్తురాలేదా? ఒక్కసారి "కూర్చోండి అన్నయ్యగారూ" అంటే మీ సొమ్మేం పోయేది? తెలియక అన్నారనుకున్నాను కాబట్టే అన్నేళ్ళు మీతో ఉండగలిగాను. ఇప్పుడు ఆ మాట కూడా నాకు మిగల్లేదు.

తిరిగి వచ్చేసరికి మీ అబ్బాయి ఇంకా ఆ బల్ల దగ్గరే ఉన్నాడు. దొరసాని ఏ కుర్చీలో కూర్చునేదో, మీరు ఏ కుర్చీలో కూర్చునేవారో ఊహించి ఎవరికో చూపిస్తున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట... ఒక్క మాట చెప్పి ఆ కిటికీ దగ్గరకి తీసుకెళ్తే చాలు. అరవై దాటిన మనిషి, మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతోంది. చెప్పలేకపోయాను. మీ పరువు కాపాడదామని కాదు, ఆయన మొహం చూసి.

నిన్న ఆ బల్ల ఫోటో పెద్దది చేయించి తెచ్చాడు. హాల్లో మీ ఫోటో పక్కన పెడతానన్నాడు. నేను వద్దన్నాను. ఈ ఇంట్లో నేను గట్టిగా వద్దనడం ఇదే మొదలనుకుంటాను. అక్కడ మా నాన్న ఫోటో పెడుతున్నానని చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే అంతా చెప్పేసేదాన్నేమో.

వచ్చే ఆదివారం మేకు కొట్టిస్తున్నాను. మీ ఇద్దరి మధ్యా జానెడు ఎడం కూడా ఉండదు. మీకు నచ్చదని తెలుసు, నచ్చకపోయినా చేసేది లేదు.

మీ సంవత్సరీకం సక్రమంగా జరిపిస్తాను, ఆ మాట ఇస్తున్నాను. క్షమించడం మాత్రం నా చేతిలో లేదు. బంగళా అరుగు మీద కూర్చుని ఏం తిన్నారో, అది గొంతు ఎలా దిగిందో నాకు చెప్పక్కర్లేదు. మా నాన్నకి చెప్పండి. మర్యాద తెలిసిన మనిషి, వింటాడు.

మీ కోడలు,
విజయ