ఇద్దత్ ఆఖరి రోజు

రఫీ, రాజమండ్రి ఆసుపత్రిలో మీ ఇద్దరి పిండాన్ని ఫ్రీజ్ చేయించినప్పుడు, నువ్వు పోతే దాని గతేంటని ఒక్కసారైనా ఆలోచించావా నాన్నా?

భర్త చనిపోయాక అలాంటి బిడ్డను కనడం హరామని జుమ్మా రోజు మసీదు మైకులో గర్జించింది నేనే. మతశాస్త్రం చదివిన ఏ ఆలిమ్‌నీ అడగలేదు. నీ భార్య షాహినా ఇల్లు దాటకూడని ఇద్దత్ గడువు ఈ సాయంత్రంతో తీరుతుంది. ఆ పిండాన్ని కడుపులో పెట్టించుకోవడానికి రేపే ఆసుపత్రికి వెళ్తానంటోంది.

ఖురాన్ తెరిచాను. మళ్ళీ మూశాను. వద్దంటే నీ బిడ్డను నేనే ఆపినవాణ్ణవుతాను. సరేనంటే అల్లా ముందు ఏ మొహంతో నిలబడను?

షాహినా గుమ్మంలో నిలబడింది.

“తెలియకపోతే తెలిసినవాళ్ళని అడగమని మైకులో చెప్పేది మీరే కదండీ మామయ్యగారూ? మీరేమన్నా ఫత్వా చెప్పే ముఫ్తీనా? ఆయన వద్దంటే నేనూ వెళ్ళనండి. పొద్దు వాలకముందే ముఫ్తీగారి మాట తీసుకురండి. లేవండి, ఇప్పుడే బయల్దేరండి!”