డిస్కు లేని డబ్బా

పామిడి,
శనివారం

ప్రియమైన సువర్ణకు,

డిస్కు పంపుతున్నాను. ముందు ఒళ్ళు మండే సంగతి చెప్పేస్తాను, క్షేమ సమాచారాలు తర్వాత. మన ‘వానల ఊరు’ వీడియో ఆటకు కొత్త దీవి మళ్ళీ వాయిదా పడింది. ఆ కంపెనీ వాళ్ళు శివరాత్రికి అన్నారు, ఉగాదికి అన్నారు, ఇప్పుడు వినాయక చవితికంట. పైగా ‘మీ సహనానికి ధన్యవాదాలు’ అని ఒక బొమ్మ పెట్టినారు. అందులో ఒక కప్ప గొడుగు పట్టుకుని ఇకిలిస్తోంది. దాన్ని చూసి టీవీ కట్టేసినాను. సహనం ఉందని వీళ్ళకు ఎవరు చెప్పినారు? వాన కోసం పైకి చూసి చూసి మెడలు పట్టేసిన జిల్లా మనది. ఆటలో వానకు కూడా ఎదురుచూడాల్నా?

మన పొత్తు మీద కూడా నాకు విసుగొచ్చేసింది. బెంగళూరులో పనిచేసేటప్పుడు టీవీకి తగిలించే పాత కన్సోళ్ళు చెరొకటి కొన్నాము, బాగుంది. ఇద్దరికీ కలిపి ఒకే డిస్కు కొన్నాము, అదీ మన పిసినారితనం. నువ్వు పెండ్లయి ధర్మవరం పోతివి, నేను పామిడికి తిరిగొచ్చి నైటీలు కుట్టుకుంటూ ఉండిపోతిని. డిస్కు మాత్రం ఒక వారం నీది, ఒక వారం నాది. అది లోపల పెడితే గాని ఆట తెరుచుకోదు. ఆటలో మనిద్దరిదీ ఒకటే ఇల్లు. అయినా ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. పొత్తుల మగడు పుచ్చి చచ్చె అని ఊరికే అన్నారా?

అందుకే చెబుతున్నాను. ఆ దీవి వచ్చినప్పుడు ఇద్దరం డిజిటల్‌లో కొందాం. డిస్కుతో పనిలేదు, నెట్లో దిగుతుంది. ఇద్దరం ఒకేసారి పోయి అక్కడి సముద్రం చూద్దాం. ఆలోచించు.

ఆటలో మన ఇంట్లో చెక్కపెట్టె ఉంది కదా, అందులో నీకొకటి పెట్టినాను. ఏమిటో చెప్పను. తొందరగా తీసుకో.

కండక్టరు చౌడప్పన్న ఈ డబ్బా చూసినప్పుడల్లా ఎగతాళే. “ఏమ్మా, వారం వారం ఇది నా బస్సులోనే తిరుగుతాండాది, దీనికీ ఒక పాసు తీపియ్యరాదా?” అంటాడు. నువ్వు కూడా ఎప్పటిలాగే డిస్కు కింద లెటరు పెట్టి పంపు.

మిషను ముందర చెమటలో నానుతూ,
నీ జ్యోతిలక్ష్మి


ధర్మవరం,
శనివారం

నా జ్యోతికి,

డబ్బా అందింది. పెట్టెలో నువ్వు పెట్టింది చూసినాను. చానా బాగుంది. వాడకుండా దాచుకున్నాను.

డిజిటల్ మాట మాత్రం ఎత్తొద్దు, నాకు అసహ్యం. చేతికి రానిదాన్ని కొనడమేందే? మా ఇంటికి పట్టు కొనేదానికి వచ్చినోళ్ళు పోగు లాగి, కాల్చి, వాసన చూసి గాని దుడ్లు తీయరు. మొన్న మా ఆడబిడ్డ మహేశ్వరి ఫోన్లో బొమ్మ చూసి పట్టుచీర తెప్పించుకుంది. పట్టు నేసే ఇంట్లో పుట్టి, దానికేం పొయ్యేకాలమో! మా ఆయన సురేంద్ర ఒక పోగు కాలిస్తే ఇల్లంతా ప్లాస్టిక్ కంపు. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు. నువ్వు కొందామనేదీ అట్లాంటిదే. ఆ కంపెనీ వాళ్ళు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెనక్కి తీసుకుంటారంట కదా. అంగడి మూసేసినోడు మనింటికొచ్చి కట్టుకున్న చీర లాక్కుపోతాడా?

ఇంకొకటి చెబుతాను, నవ్వకుండా చదువు. డిస్కు లేకపోతే డబ్బా లేదు. డబ్బా లేకపోతే నేను నీతో ఎక్కడ మాట్లాడాలి? ఈ ఇంట్లో సిగ్నలు మా అత్త మంచం దగ్గర తప్ప రాదు. ఆమెకు చెవులు మందం. స్పీకరు పెట్టకపోతే “ఏమంటాండాదే ఆ పామిడి పిల్ల?” అని అడుగుతూనే ఉంటుంది. నేను ‘బాగుండా, తిన్నా, పెట్టేస్తా’ అని పెట్టేస్తాను. నా వాట్సాప్ తెరవనోళ్ళు ఇంట్లో లేరు. ఎవరూ తెరవనిది ఈ ఆట డబ్బా ఒక్కటే. దాన్ని చూస్తేనే మా అత్త మొగం తిప్పుకుంటుంది.

మగ్గం ముందర నడుము పడిపోతోందని, ఒక్కోరోజు అన్నీ వదిలేసి బెంగళూరు బస్సు ఎక్కాలనిపిస్తుందని నేను చెప్పుకునేది ఈ కాగితం మీదనే. దీన్ని కూడా నెట్లో దించుతానంటావా?

ఆటలో అన్నీ బాగున్నాయి.

నీ జవాబు కోసం చౌడప్పన్న బస్సు వైపు చూస్తూ,
సువర్ణ


పామిడి,
శనివారం

ప్రియమైన మొండిదానికి,

నీ ఉపన్యాసం చదివినాను. డిస్కు చేతిలో ఉంటే ఆట మనదే అనుకుంటున్నావు. ఇది ఆన్‌లైన్ ఆట తల్లీ. రేపు వాళ్ళు ఊరే ఎత్తేస్తే ఈ డిస్కు బొట్టు పెట్టుకునే అద్దంగా పనికొస్తుంది, అంతే.

అయినా నువ్వు గెలిచినావు. డబ్బా గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను. కొత్త దీవిని డబ్బాలో కూడా అమ్ముతారంట. అదే కొంటాను. మనం ఆటలో ఎదురుపడకపోతే పోనీలే.

ఎప్పుడు కొంటానో ఆ కప్పనే అడగాలి. చవితి మాట కూడా పోయింది, ఇప్పుడు దీపావళి అంటున్నారు. ఈ మధ్యలో ఆ దీవిలో వేసుకునే టోపీలు ముందుగానే అమ్మకానికి పెట్టినారు. ఇల్లు కట్టలేదు గాని గడపకు తోరణం కొనమంటున్నారు. అది కొనే వెధవలు కూడా ఉన్నారు చూడు, వాళ్ళను చూస్తే ఇంకా రోత.

అన్నట్టు, నా వారం రాగానే ఆటలో మన ఇంట్లో అడుగు పెడితే ఒకటే ఈగలు. ఏదో కుళ్ళిన గుర్తు చూపిస్తోంది. నీ వారంలో నీకు కనిపించలేదా?

నడుముకు నువ్వుల నూనె కాచి రాయించుకో. మీ ఆయనను రాయమను, చేతులు అరిగిపోవు.

ముక్కు మూసుకుని,
జ్యోతి


ధర్మవరం,
శనివారం

నా బంగారు జ్యోతికి,

డబ్బానే కొంటానన్నావు చూడు, ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో. ఈగలు నాకు కనిపించలేదే. నేను చూసినప్పుడు ఇల్లు శుభ్రంగానే ఉంది.

ఇక్కడ ఒక వింత. రోజూ సాయంత్రం మగ్గం దిగి నేను పై గదిలో పాత టీవీ ముందర కాసేపు కూర్చుంటాను కదా. ఈ మధ్య మా అత్త తలుపు దగ్గరకు వచ్చి, నన్ను చూసి, వెనక్కి తిరిగి పోతోంది. పోయిన గురువారం ఉన్నట్టుండి “తలకు పోసుకో, గూగూడు పోదాం” అంది. ఎందుకత్తా అంటే చెప్పదు. అక్కడి పీరు కుళ్ళాయిస్వామికి చక్కెర చదివించి, నా నోట్లో ఇంత పోసి, నెమలీకలతో నెత్తిన కొట్టించింది. బస్సులో తిరిగొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. పెండ్లయినాక ఆమె నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఉన్న పిల్లలు చాలరని ఇంకో బిడ్డ కోసం మొక్కించిందేమో అనుకున్నాను గాని, ఇంకొకరు పుట్టినా చూసుకునేదానికి ఓపిక ఆమెకూ లేదు, నాకూ లేదు.

దీవి వస్తే వెంటనే రాయి.

నోట్లో ఇంకా చక్కెర తీపితో,
సువర్ణ


పామిడి,
శనివారం

సువర్ణా,

ప్రియమైన అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. దీవి వచ్చింది. కుట్టుపని ఆపేసి, అనంతపురం పోయి, డబ్బా కొన్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి పైకాగితం చింపి తెరిస్తే లోపల డిస్కు లేదు!

డిస్కు కూర్చోవాల్సిన గుండ్రటి గుంట ఉంది. దాంట్లో ఏమీ లేదు. పక్కన ఒక చిన్న కాగితం, దాని మీద కోడు. అది కన్సోల్‌లో కొడితే నెట్లోనుంచి దిగుతుందంట. అంటే డబ్బాలో పెట్టి అమ్మింది కూడా డిజిటలే. పైన పటారం, లోన లొటారం! థూ! కోడే అమ్మేదైతే చీటీ మీద రాసి ఇవ్వొచ్చు కదా, ఈ గుంట ఎందుకు చేసినట్టు? మనల్ని ఊరించేదానికా?

మళ్ళీ అనంతపురం పోయినాను. అంగడి ఆయన నవ్వుతూ, “ఇప్పుడన్నీ ఇట్లనే వచ్చాండాయమ్మా. డబ్బా ఊరికే అలంకారానికి, షోకేసులో పెట్టుకోవల్ల” అన్నాడు. “నా ఇంట్లో షోకేసు యాడుండాదప్పా, తీసుకో నీ డబ్బా” అంటే, విప్పింది వాపసు తీసుకోరంట. ఆయన మొగాన విసిరి వచ్చేదాన్నే, నీ కోసం ఆగినాను.

ఇంకా ఘోరం విను. ఆ కోడు ఒక్క మనిషికే. నువ్వు కొడితే నాకు రాదు, నేను కొడితే నీకు రాదు. పొత్తు కుదరదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది మన పని.

అయితే కోడు నీకే. పాత డిస్కును ఈ కొత్త డబ్బాలో పెట్టినాను, కాగితం కూడా పెట్టి పంపుతున్నాను. నువ్వు ముందు పోయి సముద్రం చూడు. ఎట్లుందో నాకు రాయి.

పండ్లు కొరుకుతూ,
జ్యోతిలక్ష్మి


ధర్మవరం,
శనివారం

నా జ్యోతికి,

కోపం తగ్గించుకో, బీపీ వస్తుంది. కాగితం మీది కోడు కొట్టినాను. దీవి తెరుచుకుంది. సముద్రం నీలంగా, ఎంత దూరం చూసినా నీళ్ళే. పడవలో పోయినాను. నువ్వు ఉంటే బాగుండేదనిపించింది. పనైపోయింది కదా అని కాగితం చింపేసినాను.

ఇంకా దీవి తిరగాలి, డిస్కు ఈ వారం కూడా నా దగ్గరే పెట్టుకుంటాను. డబ్బాలో గుంట ఉందని బాధపడొద్దు. మన లెటరు దాంట్లో చక్కగా పడుతుంది.

ప్రేమతో,
సువర్ణ


పామిడి,
బుధవారం

సువర్ణకు,

నువ్వు చింపేసిన కాగితం నా కుట్టుమిషను సొరుగులో ఉంది.

ఆ రోజు కోపంలో డబ్బాలో పెట్టడం మరిచిపోయినాను. బస్సు పోయినాక చూసుకుని నెత్తి కొట్టుకున్నాను. ‘ఏమ్మే మతిమరుపుదానా, కాగితం యాడ?’ అని నువ్వు తిడతావని ఎదురుచూసినాను. నువ్వేమో పడవెక్కి సముద్రంలో తిరిగొచ్చినావు!

ఎండాకాలంలో చెక్కపెట్టెలో నీకు పెట్టింది ఏమిటో తెలుసా? చేప. ఎంతో కష్టపడి పట్టిన చేప. తొందరగా వండుకోకపోతే ఆటలో అది కుళ్ళిపోతుంది. చానా బాగుంది, దాచుకున్నాను అని రాసినావు. నా వారం వచ్చినప్పుడు పెట్టె తెరిచినాను, పురుగులు పట్టి ఉంది. ఈగలు యాడివో నాకు అప్పుడే తెలుసు. అడిగితే నువ్వు ఇంకొక అబద్ధం చెబుతావని భయపడి, తెలియనట్టు రాసినాను. నువ్వు ఇల్లు శుభ్రంగా ఉందని రాసినావు.

ఇన్ని వారాలుగా నువ్వు ఆట ముట్టుకోలేదు. ఆట మీద మొగం మొత్తితే చెప్పొచ్చు. నా మీద మొగం మొత్తినా చెప్పొచ్చు, ఏడ్చి ఊరుకుంటాను. కానీ లేని సముద్రాన్ని నాకు రాసి పంపినావు చూడు, ఆ కంపెనీ అమ్మిన డబ్బాకూ నీ లెటరుకూ తేడా ఏముంది? అదే నాకు రోత పుట్టింది. ఇంకెవరి మీదా ఇంత పుట్టలేదు.

పాత డిస్కు నీ దగ్గరే ఉంది కదా, ఉంచుకో. ఈ శనివారం చౌడప్పన్న చేతికి ఇవ్వొద్దు. నేనూ ఏమీ పంపను. ఇది పోస్టులో వేస్తున్నాను, మీ అత్త చేతికి పోయినా నాకు దిగుల్లేదు.

జ్యోతిలక్ష్మి


ధర్మవరం,
శుక్రవారం

నా ప్రాణం జ్యోతికి,

నీ కవరు మా అత్త చేతికే పోయింది. తెరవకుండా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నేను మగ్గం గుంటలో కూర్చునే చదివి, అక్కడే ఏడ్చినాను.

ఉగాది తర్వాత గాలివాన వచ్చింది గుర్తుందా? ఆ రోజు కరెంటు ఎక్కువొచ్చి నా కన్సోల్ కాలిపోయింది. బాగుచేసేది కాదని చెప్పినారు. నీతో చెబితే డిస్కు రావడం ఆగిపోతుంది. డిస్కు ఆగిపోతే డబ్బా ఆగిపోతుంది. నాకు నువ్వు తప్ప ఎవరున్నారే చెప్పుకునేదానికి? అందుకే ఒక అబద్ధం రాసినాను. దాన్ని మూసేదానికి ఇంకొకటి, ఇంకొకటి. నీ చేపను కుళ్ళబెట్టినాను. నాకే నా మీద అసహ్యంగా ఉంది.

ఇంట్లోవాళ్ళకు కూడా అనుమానం రాకూడదు కదా. ఆట లేకుండా డబ్బా ఎందుకొస్తోందని అడిగితే ఏం చెప్పేది? అందుకని రోజూ ఆ కాలిపోయినదాంట్లో డిస్కు పెట్టి, నల్లటి టీవీ ముందర కూర్చుని, ఒళ్ళో నీ లెటరు దాచుకుని చదివి నవ్వుకుంటూ, చేతిలో కంట్రోలరు పట్టుకుని బటన్లు నొక్కేదాన్ని.

ఈ రెండు శనివారాలు డబ్బా రాకపోయేసరికి మా అత్తే అడిగింది. “పామిడి డబ్బా రాలేదేమే?” అని. నేను ఏడుస్తూ అంతా చెప్పేసినాను. ఆమె మొగం చూడాల్సింది జ్యోతీ!

“థూ, నీ సదువు సట్టుబండలైపోను! దీనికా నేను గూగూడు పోయి చక్కెర చదివించింది? టీవీలో బొమ్మ లేదు, పాట లేదు, కోడలు దాని ముందర కూచోని నవ్వుకుంటా బటన్లు నొక్కుతాండాది. దయ్యమే పట్టిందనుకున్యా. రాత్రిళ్ళు నాకు నిద్ర పట్టలేదు గదే! లెటరు చదువుకునేదానికి ఇంత నాటకమా? మంచం మింద కూచోని చదువుకోపో. నీ లెటర్లు చదివి నేనేం బాగుపడేది?” అంది. పోతూ పోతూ తిరిగి చూసి, “ఫోను మాత్రం నా కాడనే మాట్లాడల్ల” అంది.

ఈ లెటరుతో డిస్కు కూడా పంపుతున్నాను. నిన్న బస్టాండులో కనిపించినప్పుడు చౌడప్పన్న, “ఇన్నాళ్ళు యాడికి పోయింది మా పాసింజరు?” అన్నాడు.

సొరుగులో ఉన్న కోడు నువ్వే కొట్టుకో. సముద్రం ఎట్లుందో నువ్వు చూసి రాయి. నేను రాసినట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు రాయి. బాగాలేకపోతే బాగాలేదనే రాయి, నువ్వు తిడితే చదవాలని ఉంది.

డిస్కు నీ దగ్గరే పెట్టుకో. నాకు ఖాళీ డబ్బా పంపు.

శనివారం బస్సు కోసం, మా అత్త పక్కనే కూర్చుని చూస్తూ,
నీ సువర్ణ