నాన్న పేరిట తెల్ల లాంతరు

అమ్మా, నా ఉద్యోగం పోలేదు, చిన్నాన్న మాటలు విని కంగారుపడకు.

బుద్ధ జయంతికి మా సాంస్కృతిక కేంద్రంలో బడిపిల్లల చేత తామరపూల లాంతర్లు చేయిస్తున్నాం. అందరూ గులాబీ రంగు కాగితం రేకులు అతికిస్తుంటే, ఉన్‌సోల్ అనే పిల్ల చనిపోయిన వాళ్ళ నాన్న కోసం తెల్లది చేసింది. మా మేనేజరు చూశాడు.

"పండగ పూట చావు లాంతరేంటి? ఫొటోలు పాడైపోతాయి. పైన గులాబీ అంటించెయ్."

"అక్కా, రంగు మారిస్తే అది తనదని నాన్నకెలా తెలుస్తుంది?" అని పిల్ల ఏడ్చింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ లాంతరు తీసుకెళ్ళి వీధి గుమ్మానికే కట్టాను.

"దించకపోతే రేపట్నుంచి రాకు."

"దించను. రేపూ వస్తాను."

వెళ్ళాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. గుమ్మానికి మరికొన్ని తెల్లవి వేలాడుతున్నాయి, పిల్లల పనే.

ఎండు నెత్తళ్ళు పంపు. తమ్ముడి దగ్గు తగ్గిందా? ఇంటి కప్పు బాగుచేయించావా?

పడవ మునిగినా మనిషి దొరకలేదు కదా, తిరిగొస్తాడంటూ ఇన్నేళ్ళూ నువ్వు నాన్నకు తెల్లది కట్టనివ్వలేదు. ఈసారి నేను కడుతున్నాను. కోప్పడితే కోప్పడు. లాంతరు కింద వేలాడే చీటీ మీద నాన్న పేరు నీ చేత్తో రాసి పంపు. పంపకపోతే నేనే రాస్తాను.

నానమ్మకు వంగి దండం పెట్టానని చెప్పు.

దల్లే, సియోల్