మునెయ్య ఒంట్లో అమ్మ వాటా

డాక్టరమ్మ ఉషారాణి గారికి, పులికాట్ ఒడ్డు నుంచి మునెయ్య దణ్ణం పెట్టి రాసేదేందంటే,

పోయిన నెల మా ఊరొచ్చి రక్తం తీసినారే, ఆ రిపోర్టు అందింది. ఏదో జన్యువు నా ఒంట్లో రెండుండాయంట, ఒకటి సరిగా పనిచేయడంలేదంట. అదేం పని? రెండెందుకు? ఎవురిచ్చినారు? ఫోన్లో వద్దు, కాగితం మీద చెప్పండి.

నా గోల నాకుండాది. కొడుకు పోయినాడు. మనవరాలు చిట్టే నాతో పడవెక్కి వల లాగతాది. సరస్సులో వల వేసే వంతులకి వచ్చే నెల చీట్లు తీస్తారు. ఆడపిల్లకి వంతు లేదు, నీ వంతు నీతోనే ఆఖరంటాడు మా ఊరి పెద్దరికం చేసే పెద్దకాపు.

ఇట్లు, మునెయ్య

తా.క.: ఎస్‌యుపిటి5హెచ్ అంట! జన్యువు పేరా అది, మరబోటు నంబరా?

*

మునెయ్య గారికి నమస్కారాలు.

మన కణాల్లో ప్రతి పనికీ ఒక పాఠం ఉంటుంది. దాన్ని నకలు రాసుకుంటూ పోయే యంత్రం మధ్యలో ఆగకుండా చివరిదాకా సాగేలా చూసే ప్రోటీన్ ఒకటుంది. ఆ ప్రోటీన్ తయారీకి ఈ జన్యువు కావాలి. అందరికీ రెండుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీకు ఒకటి సరిగా పనిచేయక రక్తం కాస్త పలచనగా ఉంది. భయం లేదు.

ఇట్లు, ఉషారాణి, జన్యు పరిశోధన కేంద్రం

తా.క.: ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది కదండీ!

*

డాక్టరమ్మా, కొంప ముంచినారు!

మీ ఉత్తరం రచ్చబండ కాడ చదివిస్తే అందరూ నవ్వినారు. మా ఊళ్లో ఏ వాటా అయినా నాయన నుంచి కొడుక్కే. మా అమ్మ పక్క ఊరి మనిషి. ఆమెకే వంతు లేకపోతే నాకెట్టా ఇస్తాది? "చెడిపోయింది మీ అమ్మదే, రద్దు చేయించుకో" అన్నాడు పెద్దకాపు. చేస్తారా? లేకుంటే అమ్మది వీసమెత్తు, మిగతాదంతా నాయనదే అనైనా రాయండి. రబ్బరు స్టాంపు లేని కాగితాన్ని ఈడ ఎవురూ లెక్కజేయరు.

మీ మునెయ్య

తా.క.: మా అమ్మ చచ్చి ముప్పై ఏళ్లు. వాపసు ఇవ్వాలన్నా యాడికి పంపేది?

*

మునెయ్య గారూ,

రద్దు చేయడానికి అదేమన్నా రేషన్ కార్డా? ఒకటి అమ్మది, ఒకటి నాన్నది, రెండూ సమానమే! కొడుక్కి ఎంత వస్తుందో కూతురికీ అంతే వస్తుంది. మీ పెద్దకాపు కాదు కదా, కలెక్టరు కూడా దీన్ని మార్చలేరు. స్టాంపు వేసి, సంతకం చేసి మరీ పంపుతున్నాను. దయచేసి ఇంతటితో వదిలేయండి.

ఉషారాణి

తా.క.: స్టాంపు కోసం మా డైరెక్టర్ని అరగంట బతిమాలాను. దేనికని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

*

చల్లని తల్లి డాక్టరమ్మకి,

కోపం చేసుకోబాకండి. మీ మొదటి ఉత్తరంతోనే నాకంతా తెలిసిపోయినాది. చిట్టి ఇంటర్ బైపీసీ, బొమ్మ గీసి చెప్పింది. అయితే చిట్టి మాట ఎవురు వింటారు? అందుకే మీకు విసుగు పుట్టి ఖరాఖండిగా రాసేదాకా రాసినా.

నిన్న చీట్ల కాడ స్టాంపు కాగితం చదివించినా. "రక్తం వేరు, వంతు వేరు" అన్నాడు పెద్దకాపు. అప్పుడు లేచింది వాళ్లమ్మ ముసలమ్మ. "ఏరా, నీ ఒంట్లో సగం నాదంట గదా. నాది నాకిచ్చేసి, మిగిలిన సగంతో పెద్దరికం చెయ్‌రా!" అనింది. ఊరంతా పగలబడి నవ్వినారు. పెద్దకాపే చీట్లు తెచ్చి చిట్టి ముందర పెట్టినాడు. చీటీ చిట్టే తీసింది తల్లీ! నాకు కళ్లనీళ్లు ఆగలా.

మీ రుణం తీర్చుకోలేని మునెయ్య

తా.క.: పొద్దున్నే పెద్దకాపు మా ఇంటికొచ్చి మీ అడ్రసు రాసుకుపోయినాడు. ఆయనకి ముగ్గురూ ఆడపిల్లలే.