సజ్జల సంచి పెట్టిపోయినవాడు

బిచి,
మంగళవారం, 11 నవంబరు 1997.

మనవరాలు బరీరాను అల్లా చల్లగా చూడాలని కోరుకుంటూ నాయనమ్మ దెలూ రాయునది.

నీ ఒంట్లో ఎలా ఉంది తల్లీ? మీ ఆయన సానీ కులాసానా? చంటిదాని దగ్గు తగ్గిందా, నేను బెంగపడతానని దాస్తున్నావా? మీ అత్తగారి మోకాలు ఎలా ఉంది? ఆ కానో పట్నంలో నీళ్ళు కాచుకునే తాగుతున్నారు కదా? ఇక్కడ నా సవతి లాదీకి నడుం పట్టేసింది గానీ నోటికేం కాలేదు. ఊరంతా పేరు బదులు మాలం, అంటే పంతులుగారు, అని పిలిచే మీ తాతయ్య బాగానే ఉన్నారు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు. పుస్తకాల కొట్టాయన నీ కథ రెండో భాగం అచ్చు వెయ్యనన్నాడనీ, మొదటి పేజీలోనే అంతా తెలిసిపోతుంటే రెండో పేజీ ఎవరు తిప్పుతారని మొహం మీదే అడిగాడనీ రాశావు. ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టేస్తానన్నావే, పెట్టేశావా? పెట్టకు! నీకు పుణ్యముంటుంది, పెట్టకు!

ఇక్కడ ఏం జరుగుతోందో తెలుసా? వేరుశనక్కాయలు ఒలిచేటప్పుడు నువ్వు పంపిన పుస్తకం నేను మా వాళ్ళకు కూడబలుక్కుని పైకి చదువుతున్నాను. ఆడవాళ్ళ రాత్రిబడిలో నేర్చిన నాలుగు అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. పాపం నీ కథలో ఆ సలమతు, మొగుడు లేగోసు పట్నం పోయి తిరిగి రాకపోతే, ప్రతి శుక్రవారం ఎవరో ఆమె గుమ్మంలో సజ్జల సంచి పెట్టిపోతుంటాడు చూడు, అక్కడ మా వాళ్ళ చేతుల్లో కాయలు ఆగిపోయాయి! "ఎవడక్కా వాడు?" అని లాదీ. నేను గొంతు సవరించుకుని ముందుకు పోయాను. "చెప్పి చావరాదూ, నీ సొమ్మేం పోతుంది? కాయలన్నీ నేనే ఒలుస్తాలే" అని బతిమాలింది. చలికాలపు దుప్పటి విషయంలో ఏడాదిగా నాతో మాట్లాడని లాదీ!

పక్కింటి ఆడవాళ్ళు కూడా చేటలు పట్టుకుని వచ్చేస్తున్నారు. మొగుడే దొంగచాటుగా వచ్చాడని ఒకతె, కాదు మసీదు ఇమాం అని ఇంకొకతె. "ఇమాం గారి సజ్జలు ఆయన పిల్లలకే చాలవు, ఊరుకోవే" అని లాదీ. గోడ అవతల వీధిగదిలో తాతయ్య నిద్ర నటిస్తూ వింటున్నారు. నిన్న ఉండబట్టలేక, "పరాయి ఆడదాని గుమ్మంలో వాడికేం పని? దొరకనీ, కాళ్ళు విరగ్గొడతాను. ఇంతకీ ఎవడే వాడు?" అని అక్కణ్ణుంచే అరిచారు. అందరూ ఒకటే నవ్వు.

పుస్తకం అయిపోయింది. రెండో భాగం ఏదని నా ప్రాణం తీస్తున్నారు. నువ్వు కాల్చేశావేమోనని నాకు గుండె దడ.

ఇట్లు,
నీ నాయనమ్మ,
దెలూ.

తాజా కలం: నీకు నిజం చెప్పకపోతే నిద్ర పట్టదు. సంచి పెట్టినవాడి పేరు నువ్వు మొదటి పేజీలోనే రాసేశావు. అందరం మాలం అనడం అలవాటై నీకు తట్టలేదు కాబోలు, అది మీ తాతయ్య అసలు పేరే! కట్టుకున్నవాడి పేరు నోటితో ఎలా అంటాను తల్లీ? అది వచ్చిన చోటల్లా 'ఎవరో' అని చదివాను. అంతే, వాళ్ళకు పిచ్చెక్కిపోయింది. కాళ్ళెవరివి విరగ్గొడతానంటున్నారో పాపం ఆయనకే తెలియదు.

నువ్వూ అలాగే చెయ్యి. మొదటి భాగంలో ఆ పేరు కొట్టేసి 'ఎవరో' అని రాసి, రెండూ కలిపి కొట్టాయన ముందు పెట్టు. పేరు చిట్టచివరి పేజీలోనే రావాలి. కానీ ఆ పేజీ ఇక్కడ ఎవరు చదువుతారు? నేను చదవలేను, లాదీ కూడా ఆయన పెళ్ళామే, పక్కింటివాళ్ళకు అక్షరమ్ముక్క రాదు. మనవరాలివి, తాతతో నీకు వేళాకోళం చెల్లుతుంది. ఆయన ఎదుటే గట్టిగా చదివి వినిపించాలి. బస్సులో డ్రైవరు వెనకే కూర్చో, చంటిదాని చెవులకు గుడ్డ కట్టు. ఆ కాగితాలు ఒళ్ళో పెట్టుకునే రా. సజ్జలు దంచి ఉంచుతాను. అందరికీ మాటిచ్చేశాను: వచ్చే వారం శుక్రవారం, ఇరవై ఒకటో తారీకు.